అడగని పాపం

మొన్న వేసవిలో మా ఇంటిముందు నీళ్ల సంపు తవ్వించాం. విశాఖపట్నంలో ఎండాకాలం నీళ్ల కటకట మీకు వేరే చెప్పాలా? మేస్త్రీ మంచిరోజు చూడమన్నాడు. మావారు పంచాంగం తిరగేశారు. పసుపూ కుంకుమా జల్లి కొబ్బరికాయ కొట్టాం. భూదేవికి దండం పెట్టుకున్నాం గానీ, ఆ తల్లి కడుపులో ఏముందో మాత్రం ఎవరినీ అడగలేదు.

పది గంటలవేళ కూలి కుర్రాడు గునపం పోటు వేశాడు. ఫట్‌మని శబ్దం, కళ్లు చెదిరే మెరుపు! కుర్రాడు వెనక్కి పడిపోయాడు. వీధంతా కరెంటు పోయింది. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మాత్రం మోచేతిదాకా కాలింది.

"మనకేం తెలుసు? ఎవరూ చెప్పలేదుగా" అన్నారు మావారు ఆ రాత్రి. మేస్త్రీదీ అదే మాట. నేనూ దాన్నే పట్టుకుని నిద్రపోవాలని చూశాను.

మర్నాడు ఎదురింటి మామ్మగారు వచ్చారు. "ఆ తీగ మీ గేటుపక్కనుంచే వెళ్లిందమ్మా. వేస్తున్నప్పుడు మా వరండాలో కూచుని చూశానుగా" అన్నారు.

"మరి చెప్పలేదేం మామ్మగారూ?" అన్నాను నిష్ఠూరంగా.

"నన్నెవరూ అడగలేదుగా తల్లీ!"

ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈ రెండు మాటల మధ్య ఒక పేదవాడి చెయ్యి కాలింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి మా ఊళ్లో కరెంటు స్తంభాలు ఎలా కూలాయో ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో చాలా వీధుల్లో తీగలు భూమిలోకి వెళ్లాయి. హమ్మయ్య అనుకున్నాం. ప్రమాదం పోలేదనీ, నెత్తిమీదనుంచి పాదాలకిందికి చేరిందనీ ఆలోచించలేదు.

మా అక్కయ్య కొడుకు ఇంజనీరు. వాణ్ణి అడిగితే నెమ్మదిగా చెప్పాడు. "ముందు కరెంటువాళ్లనీ, నీళ్లవాళ్లనీ, టెలిఫోనువాళ్లనీ అడగాలి పిన్నీ. వాళ్ల ప్లాను కూడా ఒక్కోసారి తప్పుతుంది. అందుకే పరికరం పెట్టి వెతుకుతారు. తీగలో కరెంటు పారుతుంటే చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని అది పసిగడుతుంది. ప్లాస్టిక్ గొట్టమైతే దానికి దొరకదు. భూమిలోకి రేడియో తరంగాలు పంపే రాడార్ కావాలి. ఆ పైన కూడా చేత్తో చిన్న గొయ్యి జాగ్రత్తగా తీసి చూడాలి. ఇసుకో, వరుసగా పేర్చిన ఇటుకలో, రంగు టేపో కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి."

2023 మార్చి 22న కేంద్ర ప్రభుత్వం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ కూడా తెచ్చిందట. తవ్వబోయే సంస్థ అందులో ముందుగా చెబితే, అక్కడ తీగలూ గొట్టాలూ ఉన్నవాళ్లకి కబురు వెళుతుంది. ఎంత పెద్ద ఏర్పాటైనా, చివరికి అది చేసే పని ఒక్కటే. అడగడం!

తెలియక చేసినది తప్పు కాదంటారు పెద్దలు. ఒప్పుకుంటాను. కానీ నాకు నిజంగా తెలియదా? మా వీధిలో ఒక్క స్తంభం లేదు. ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. మరి తీగ ఎక్కడుంటుంది? చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఎక్కడుందో తెలియకపోవచ్చు; ఉందని తెలియదనడానికి మాత్రం నాకు నోరు రాదు. అడగవలసినంత నాకు తెలుసు. నాలుగు బళ్లదగ్గర వంకాయల ధర అడుగుతాం, సంబంధం వస్తే ఏడు తరాలు ఆరాతీస్తాం. ఇది అడిగితే పని ఒకరోజు ఆగుతుంది, ముహూర్తం దాటిపోతుంది. అంతే! ఆ ఒక్కరోజు మాకు మిగిలింది. దాని ఖరీదు వాడు కట్టాడు.

నీళ్లు కావలసింది మాకు. గునపం పట్టింది వాడు. అడిగే వీలున్నదీ మాకే. ఆసుపత్రి ఖర్చు పెట్టాం, మూణ్ణెల్ల కూలీ ఇచ్చాం. లెక్క తీరిందా? తీరిందనే అనుకుందును, చూడడానికి వెళ్లినప్పుడు వాడు ఆ మాట అనకపోతే.

"తమరేం చేస్తారమ్మా, నా ఖర్మ" అన్నాడు.

మేం అడక్కపోవడాన్ని వాడు తన ఖర్మ చేసుకున్నాడు. వాడు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

తరువాత పెరట్లో సంపు తవ్వించాం. ఈసారి ఆఫీసుల్లో అడిగాం, పరికరం తెప్పించాం. మామ్మగారికి కుర్చీ వేసి ఆవిణ్ణీ అడిగాం. అంతా అయ్యాకే మావారు పంచాంగం తీశారు.