బాగున్నప్పుడే చూడవలసిన పని



బండి చెడిపోయినప్పుడు బాగుచేయించుట మనలో అందరికి తెలియును. చెడకమునుపే చూపించుట మాత్రము భారముగా తోచును. ఇది మెకానిక్కు షెడ్డులో తేలిపోవు చిన్న సంగతియని మేమును చాలకాలము తలంచితిమి. ఇది మనస్సాక్షికి చెందిన సంగతియని ఒక సాయంకాలము మాకు తెలిసినది. దానిని దాచకుండ చెప్పుటకే ఈ నెల వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘమువారు చందాలు వేసికొని ఒక పాత కారు కొని మాకిచ్చిరి. తెనాలి చుట్టుపట్ల గ్రామములలో ఆరాధనలకు వెళ్లుటకును, రాత్రివేళ నొప్పులు వచ్చిన స్త్రీలను ఆసుపత్రికి చేర్చుటకును అది మిక్కిలి ఉపయోగపడినది. కారుతో వచ్చిన చిన్న పుస్తకములో సర్వీసు లెక్క వ్రాసియున్నది. 10,000 కిలోమీటర్లు గాని ఒక సంవత్సరము గాని, ఏది ముందు వచ్చిన దానిని బట్టి ఇంజను ఆయిలు మార్చవలెను. 2 సంవత్సరములకొకసారి బ్రేకు ఆయిలు మార్చవలెను. ఆ పుస్తకము కారులోనే యుండెను. మేము దానిని తెరచి చూడలేదు.

మా కారు చూచు మేస్త్రి ఒకనాడు నెమ్మదిగా చెప్పెను: "అయ్యగారండీ, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయినాయండి. ఆయిలు కూడా నల్లబడిపోయిందండి. మార్చేద్దామండీ." కోతలు కానిమ్మంటిమి. రెండవసారి చెప్పగా, క్రిస్మసు ఖర్చులు గడవనిమ్మంటిమి. మూడవసారి పంక్చరు వేయించుటకు వెళ్లినప్పుడు అతడు చక్రమువైపు చూచి, మావైపు చూచి, ఏమియు అనక ఊరకుండెను.

ఆ వేసవిలో ఒక పెండ్లి నిమిత్తము తెనాలినుండి రేపల్లెకు బయలుదేరితిమి. ఎండ తీవ్రముగా నుండెను. లారీల వెనుక మాటిమాటికి బ్రేకు వేసికొనుచు పోవుచుంటిమి. భట్టిప్రోలు దాటిన తరువాత కాలువగట్టు మీదినుండి ఒక పిల్లవాడు సైకిలుతో రోడ్డు మీదికి దిగెను. బ్రేకు తొక్కగా పెడలు మెత్తగా లోనికి దిగిపోయినది. ఇనుము మీద ఇనుము రాసిన శబ్దము వినబడినదేగాని బండి ఆగలేదు. పిల్లవానికి మూరెడు దూరములో దాటిపోయి, రోడ్డు ప్రక్కనున్న గడ్డివామిని గ్రుద్దుకొని నిలిచితిమి. ఎవరికిని గాయము కాలేదు. పిల్లవాడు సైకిలెక్కి వెళ్లిపోయెను.

తరువాతి ఆదివారము కృతజ్ఞతార్పణ చెల్లించి, దేవుడు కాపాడిన విధమును సాక్ష్యముగా చెప్పితిమి. సంఘమంతయు స్తోత్రము చెప్పిరి. వెనుక వరుసలో కూర్చున్న మేస్త్రి మాత్రము తల వంచుకొనియుండెను. సాయంకాలము అతని యింటికి వెళ్లి అడుగగా, "దేవుడు కాపాడాడండీ, అది నిజమే. కానీ నేను రెండుసార్లు చెప్పానండీ" అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు చనిపోయియుండినయెడల మేము ఏమని చెప్పియుందుము? అజాగ్రత్తవలన ఒకరి ప్రాణము పోయిన యెడల, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము 5 సంవత్సరముల వరకు శిక్ష పడవచ్చును. పిల్లవాడు బ్రదికెను గనుక మేము సాక్ష్యమిచ్చితిమి. అయితే ఈ రెంటిలో మేము చేసినది ఒక్కటే. గడ్డివామిని అక్కడ వేసినది మేము కాము. మా తప్పు జరిగినది భట్టిప్రోలు రోడ్డు మీద కాదు. "కోతలు కానిమ్ము" అన్న దినముననే జరిగినది. కీడు కలుగకపోవుట కృపయే, గాని అది మన నిర్దోషత్వమునకు రుజువు కాదు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యున్నది. ఎద్దు పొడుచునని ముందుగా ఎరుగని యజమానుడు నిర్దోషి. దాని వాడుక అతనికి తెలియజేయబడిన తరువాత దానిని భద్రము చేయకపోయినచో అతడు దోషి. మేస్త్రి నోటిమాట మాకు ఆ హెచ్చరికయే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త యిల్లు కట్టువాడు మేడకు పిట్టగోడ కట్టవలెనని యున్నది. ఎవడైన పడిన తరువాత కట్టుమని కాదు, పడకమునుపే కట్టుమని ఆజ్ఞ.

"దేవునియందు విశ్వాసముంచువారికి ఇంత భయమెందుకు?" అని కొందరందురు. దేవాలయ శిఖరముమీదినుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు ప్రభువు దుముకలేదు. తెలిసి బ్రేకులు చూపించక ప్రార్థన చేసి బండి ఎక్కుట విశ్వాసము కాదు; ప్రభువును శోధించుటయే.

వస్తువులు మనకు చెప్పి చెడవు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను కొంచెము కొంచెముగా పీల్చుకొనును. తేమ చేరినకొలది అది తక్కువ వేడికే మరుగును. మరిగినప్పుడు ఆవిరి పుట్టి పెడలు మెత్తబడును. పైకి చూచిన ఏమియు కనబడదు. బాపట్లవైపు సూర్యలంక తీరమున తిరుగు బండ్లకు ఉప్పుగాలి మరియొక శత్రువు. అడుగుననున్న ఇనుప గొట్టములను అది మెల్లగా తినివేయును. అందుచేతనే పుస్తకములో కిలోమీటర్లును నెలలును లెక్కగా వ్రాసిరి. మన చెవికిని కంటికిని తెలియని దానిని ఆ లెక్క గుర్తుచేయును.

ఇందులో ప్రభుత్వము కూడ మనకు కొంతవరకే తోడు. అద్దెకు తిరుగు బండ్లకు ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష యున్నది. సొంత కారునకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరములుండును. అంతవరకు పొగ పరీక్ష తప్ప, బ్రేకులు చూపించుమని అడుగువాడు లేడు. ఆ 15 సంవత్సరములు మన మనస్సాక్షియే ఇన్‌స్పెక్టరు.

పేదరికపు మాట కూడ చెప్పవలెను. ఆటో నడుపు సహోదరుడు సర్వీసు చేయించిన యెడల పిల్లల ఫీజు నిలిచిపోవును. ఆయనను నిందించుటకు మాకు నోరు రాదు. అయినను వరుస యున్నది: మొదట బ్రేకులు, టైర్లు, స్టీరింగు, సీటు కవర్లును పాటల పెట్టెయు తరువాత. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో చట్టము కూడ ఒప్పదు. బ్రేకు పట్టని దినమున బండి తీయక పోవుట నష్టమే, గాని ఆ నష్టమును ఎక్కించుకొన్న వారి ప్రాణముమీద వేయకూడదు. ఆ బండిమీద ఆధారపడు మనము కూడ ఆ భారములో పాలుపొందవలెను. కారు కొనుటకు చందా సులువుగా దొరికినది. దానిని కాపాడుటకు ఎవరును చందా అడుగలేదు, మేమును అడుగలేదు.

కృష్ణా డెల్టాలోని రైతులకు ఈ సంగతి క్రొత్త కాదు. వేసవిలో కాలువలు కట్టినప్పుడే పూడిక తీయవలెను, తలుపులు సరిచూడవలెను. నాట్లు పడి నీటికొరకు ఎదురుచూచు దినములలో ఆ పని చేయుటకు వీలుండదు.

మరుసటి ఆదివారము మేము సంఘము ఎదుట నిలిచి, మొదటి సాక్ష్యములో చెప్పక విడిచిన భాగమును చెప్పితిమి. అది చెప్పుట కష్టమాయెను. అప్పటినుండి నెలకొకసారి కారు నిమిత్తము ఒక చిన్న కానుక ప్రత్యేకముగా తీయుచున్నారు. సర్వీసు దినములు గుడి గోడమీది క్యాలెండరులో వ్రాసియున్నవి. వాటిని చూచుకొనువాడు ఆ మేస్త్రియే.

మీ బండి పుస్తకమును కూడ ఈ వారము తెరచి చూడుడి. తేదీ దాటియున్న యెడల, కోతలకొరకు ఆగవద్దు.