చేపకు ముందు ఏరు

నెవాడా రాష్ట్రంలో రీనో నగరానికి ఈశాన్యాన, చెట్టూ చేమా లేని కొండల నడుమ పిరమిడ్ సరస్సు ఉంది. అక్కడ ట్రౌట్ చేపకు గాలం వేసేవాళ్లు నవంబరు కోసం కాచుకుని ఉంటారు. ఎండాకాలంలో పైనీరు వేడెక్కుతుంది, చల్లదనం మరిగిన ఈ చేప లోతుకు దిగిపోతుంది. ఆ లోతు కొన్నిచోట్ల 300 అడుగులు దాటుతుంది. చలి ముదిరి పైనీరు చల్లబడ్డాక, చిన్న చేపలను వేటాడుతూ ఒడ్డు వైపు, మనిషి విసిరిన దారం అందేంత దగ్గరకు వస్తుంది. అప్పుడు మనుషులు మడత నిచ్చెనలు మోసుకొస్తారు. నడుం లోతు నీళ్లలో, సరస్సు అడుగు ఉన్నట్టుండి కిందికి జారిపోయే అంచు దగ్గర నిచ్చెన పాతి, దాని పైమెట్టు ఎక్కి నిలబడతారు. ఒళ్లు మంచునీళ్లలో నానదు, ఎత్తు నుంచి విసిరిన దారం ఇంకొన్ని గజాలు ఎక్కువ పోతుంది. ఎడారి ఒడ్డున నీళ్లలో వరసగా నిచ్చెనలు, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి. తొలిసారి చూసినవాళ్లకు వింతగా ఉంటుంది గానీ, అందులో ఒక్క పనీ కారణం లేకుండా చేసేది కాదు.

ఆ పనితనం దగ్గర నుంచి చూడదగ్గది. కొక్కేనికి కట్టేది నిజమైన ఎర కాదు. ఈకలు, ఉన్ని, ఫోము ముక్కలతో చేత్తో కట్టిన బొమ్మ పురుగు. దారం బరువైనది, నేరుగా అడుగుకు దిగుతుంది; ఫోముతో చేసిన పురుగేమో తేలుతుంది. ఈ రెండింటి లాగులాటలో పురుగు నేలకు జానెడు పైన, నాచులో చిక్కుకోకుండా వేలాడుతుంది. వేళ్లతో దారాన్ని కొంచెం కొంచెం లాగుతూ దానికి ప్రాణం ఉన్నట్టు కదిలించాలి. తెల్లవారుజామున గడ్డకట్టే చలిలో గాలపు కర్ర వలయాల్లో మంచు పేరుకుని దారం కదలనని మొరాయిస్తుంది, దాన్ని వేళ్లతో గిల్లి తీయాలి. కొక్కేనికి ఎదురు ముల్లు ఉండకూడదన్నది అక్కడి నియమం. చేప చిక్కాక చేతులు తడుపుకునే ముట్టుకుంటారు, పొడి చెయ్యి దాని ఒంటి జిగురు పొరను ఊడ్చేస్తుంది. దవడ కింద రెండు ఎర్రటి చారలు, ఒంటిమీద రాగిరంగు, నల్లచుక్కలు ఉన్న లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్‌ను నీళ్లలోనే పట్టుకుని, కొక్కెం తప్పించి వదిలేస్తారు. ఈ మర్యాదలన్నీ నాకు ఇష్టమే. కానీ చేప విషయంలో మంచీ చెడూ ఈ చేతుల మధ్యే తేలిపోతుందని నమ్మడం పొరపాటు. చేపను ఎలా వదిలారన్నది చిన్న లెక్క, దాని ఏటికి నీళ్లెన్ని వదిలారన్నది పెద్ద లెక్క. ఇందుకు ఈ సరస్సు చరిత్రకన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

టాహో సరస్సులో పుట్టిన ట్రకీ నది దాదాపు 190 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరుతుంది. ఇక్కడి నుంచి నీరు ఎక్కడికీ పోదు. సముద్రం దాకా దారి లేదు. బయటికి పోయేదంతా ఆవిరే, ఏడాదికి నాలుగు అడుగుల మందం. ఉప్పులు మాత్రం ఉండిపోతాయి, అందుకే సరస్సు నీటిలో సముద్రపు ఉప్పదనంలో ఆరోవంతు ఉంటుంది, క్షారం ఎక్కువ. మంచుయుగంలో వాయవ్య నెవాడాలో పెద్ద భాగాన్ని ముంచిన లహోంటన్ మహాసరస్సు ఎండగా మిగిలిన గుంటల్లో ఇదొకటి. ఆ ఎండుదలతో పాటే మారుతూ ఈ చౌడు నీటికి అలవాటు పడ్డది ఈ ట్రౌట్. అయితే సరస్సులో పెరగగలదే తప్ప అందులో పిల్లల్ని కనలేదు. గుడ్లు పెట్టాలంటే వసంతంలో ట్రకీ నదిలోకి ఎదురెక్కాలి, పారే మంచినీటిలో గులకరాళ్ల పరుపు వెతుక్కోవాలి. చేప బతుకు సరస్సులో, చేప వంశం ఏటిలో. నిచ్చెన మీద మనిషికి కనిపించేది మొదటిది మాత్రమే.

ఈ నీటి మీద బతికినవాళ్లు పైయూట్ ప్రజలు. ఈ సరస్సులో తప్ప ఇంకెక్కడా దొరకని క్వీవీ అనే మరో చేప పేరుతోనే, దాన్ని తినేవాళ్లమని తమను తాము చెప్పుకున్నవాళ్లు. 1844 జనవరిలో అమెరికన్ అన్వేషకుడు ఫ్రీమాంట్ దండు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ అతిథులకు ట్రౌట్ పెట్టినదీ వాళ్లే. 1859లో ఈ ప్రాంతాన్ని వాళ్ల రిజర్వేషనుగా, అంటే ఆ తెగకు ప్రత్యేకించిన భూమిగా, కేటాయించారు. తర్వాత 1902 నాటి సాగునీటి చట్టం వచ్చింది. దాని కింద మొట్టమొదటి పనుల్లో ఒకటిగా 1905లో ట్రకీ మీద డెర్బీ ఆనకట్ట పూర్తయింది, నీళ్లను కాలువతో ఫాలన్ అనే ఊరి పొలాల వైపు మళ్లించారు. సరస్సు దిగజారడం మొదలైంది. 1960ల చివరికి మట్టం దాదాపు 80 అడుగులు పడిపోయింది. పక్కనే ఉన్న విన్నెమకా సరస్సు 1930లలోనే పూర్తిగా ఎండిపోయింది. ఏరు సరస్సులో కలిసే చోట ఇసుకమేట వేసి, చేప ఎక్కాల్సిన దారి పల్చటి పాయలుగా చీలిపోయింది. 1938 తర్వాత ట్రౌట్ ఏరెక్కలేదు. 1940ల మొదట్లోనే ఆ వంశం సరస్సులో అంతరించింది.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది: రైళ్లలో పెట్టెలకొద్దీ చేపను నగరాలకు తోలారు, అతివేటే దాన్ని తుడిచిపెట్టింది అని. వ్యాపార వేట జరిగిన మాట నిజం, దాని పాపం దానిది. కానీ సంఖ్యలు మరో కథ చెబుతున్నాయి. ప్రపంచ రికార్డుగా ఈనాటికీ నిలిచిన 41 పౌండ్ల కట్‌త్రోట్‌ను పైయూట్ మనిషి జాన్ స్కిమ్మర్‌హార్న్ 1925లో ఈ సరస్సులోనే పట్టాడు. అంటే ఆనకట్ట కట్టిన ఇరవై ఏళ్లకు. 1938లో చివరిసారి ఏరెక్కిన చేపల సగటు బరువు దాదాపు 20 పౌండ్లు. వేటే చంపిన జాతి అయితే ముందు పెద్దవి కనుమరుగై చిన్నవి మిగలాలి. ఇక్కడ జరిగింది తిరగబడ్డ కథ: పెద్దవే మిగిలాయి, పిల్లలు లేరు. ముసలితనం తప్ప ఏమీ లేని ఇంటి లాంటి సరస్సు అది. ఆ రోజుల్లో గాలం వేసినవాడు తన చేతిలోని బరువు చూసి సరస్సు క్షేమంగా ఉందనుకుని ఉంటాడు. అతని కర్రకు తగిలిన ప్రతి భారీ చేపా వంశం ఆగిపోతోందనడానికి గుర్తే. గాలం ఒక చేపను చూపించగలదు, తరాన్ని చూపించలేదు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం రైతుది. ఎడారిని పండించాలని వచ్చిన కుటుంబాలు దొంగలు కావు, వాళ్లకు నీళ్లిస్తామని మాటిచ్చింది ప్రభుత్వమే. తెలుగువాళ్లం ఈ మాటను తేలిగ్గా తీసేయలేం. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాకు అన్నం పెట్టింది, కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తున్నాం. అదే ఆనకట్ట వరదల్లో సముద్రం నుంచి ఎదురెక్కే పులసకు అడ్డమైంది. పుస్తెలమ్మి అయినా తినాలని చెప్పుకునే చేప అది. పులస కోసం డెల్టాను ఎండబెట్టమని నేను అనను, ఫాలన్ పొలాలను పడావు పెట్టమనీ అనను. నా అభ్యంతరం కాలువ మీద కాదు, లెక్క మీద. ఆయకట్టులో చివరి రైతు గోడు మనకు తెలుసు: పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితే అతనికి, లేకపోతే లేదు. ట్రకీకి పిరమిడ్ సరస్సు అచ్చంగా ఆ చివరి మడి. డెర్బీ కట్టేనాటికి రిజర్వేషను ఏర్పడి నలభై ఏళ్లు దాటింది, అక్కడ మనుషులున్నారని అందరికీ తెలుసు. అయినా చివరి మడికి ఎంత అన్న ప్రశ్న లేకుండానే నీళ్లు పంచారు. రైతు అవసరం ఆ ప్రశ్నను కష్టం చేస్తుంది, రద్దు చెయ్యదు.

ఆ ప్రశ్నను మళ్లీ వేయించింది పైయూట్ తెగే, కోర్టుల్లో, దశాబ్దాల తరబడి. 1972లో కేంద్ర ప్రభుత్వ శాఖ తమ పట్ల సంరక్షకుడి బాధ్యత మరిచి నీళ్లు మళ్లించిందని వాదించి గెలిచారు. 1983లో సుప్రీంకోర్టులో, నది నీటిని పంచిన పాత తీర్పును తిరగదోడించలేక ఓడారు. అదే దశకంలో ట్రకీ ఉపనది మీది స్టాంపీడ్ జలాశయం నీటిని ప్రమాదంలో ఉన్న చేపల కోసమే వాడాలన్న తీర్పు నిలబడింది. 1990లో అమెరికా కాంగ్రెస్ నీటి పంపకంపై ఒప్పంద చట్టం చేసింది. నలభై ఏళ్లకు పైగా బతకగల క్వీవీ చేపలు ఏరు ఎక్కలేని ఏళ్లన్నీ సరస్సులోనే కాలం గడిపి, నీళ్లు రాగానే ఎక్కాయి. వాటికోసం వసంతంలో వదిలిన నీటితో కింది ట్రకీ గట్లమీద, ఎవరూ నాటకుండానే కాటన్‌వుడ్ మొక్కలు మొలిచి అడవిగా లేచాయి. చేప కోసమని వదిలిన నీళ్లకు చెట్టు కూడా బతికింది. చేతిలోని ఒక చేపను ఎంత పదిలంగా వదిలినా ఇలాంటి ఫలితం రాదు.

ట్రౌట్ సంగతి ఇంకా విచిత్రం. పోయిందనుకున్న వంశం యూటా సరిహద్దున పైలట్ పీక్ కొండమీది ఒక చిన్న వాగులో 1970లలో దొరికింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎవరో తెచ్చి వదిలిన చేపల సంతతి. సన్నటి వాగు, చేపలూ చిన్నవే. వాటి గుడ్లతో ప్రభుత్వ హేచరీలో పెంచిన పిల్లల్ని 2006 నుంచి సరస్సులో వదిలారు. కొన్నేళ్లకే 20 పౌండ్లు దాటినవి గాలాలకు తగలసాగాయి. అదే నెత్తురు, వాగులో పిడికెడు, సరస్సులో బస్తాడు. మిగతా తేడా నీళ్లది. హేచరీ పిల్లలు అడవి చేపలా, మనం పెంచి మనమే పట్టుకునే ఆట కాదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. సరస్సు నేటికీ చాలావరకు హేచరీల మీదే నడుస్తోంది. అందుకే నా దృష్టిలో 2014 వసంతం అన్ని రికార్డులకన్నా పెద్దది. 1938 తర్వాత మొదటిసారి ట్రౌట్ ట్రకీలోకి ఎక్కి, గుడ్లు పెట్టి, పిల్లల్ని కన్నది ఆ ఏడే. హేచరీ చేపకూ అడవి చేపకూ మధ్య గీత నెత్తురులో లేదు, ఏరెక్కే దారి ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

మరి కొక్కెం సంగతేమిటి, నోట్లో గుచ్చింది ఏరు కాదు కదా అని ఎవరైనా నిలదీస్తే తప్పించుకోను. వదిలేశాం కాబట్టి ఏ హానీ లేదన్న మాట అబద్ధం. వదిలినవాటిలో కొన్ని చస్తాయి. నీరు వేడిగా ఉంటే ఇంకా ఎక్కువ చస్తాయి. చలికాలపు వేట ఆ మేరకు మెరుగు, అంతే. అక్కడి తెగ రాసిన నియమాలు నిర్ణీత కొలతల్లో ఉన్న చేపను ఇంటికి తీసుకుపోనిస్తాయి. నియమం ప్రకారం ఒక చేపను తీసుకుని వండుకు తిన్నవాడు, ఇరవై పట్టి ఇరవైనీ వదిలినవాడికంటే ఏ రకంగానూ తక్కువవాడు కాడని నా అభిప్రాయం. ఈ నీటిలో చేప ఉన్నదే తినడానికి, తిని బతికిన మనుషుల వల్లే అది ఇంకా ఉంది. కొక్కెం లెక్క చిన్నది అన్నాను గానీ సున్నా అనలేదు. ఆ చిన్న లెక్కను శుభ్రంగా ఉంచుకుని పెద్ద లెక్కలో తన వంతు తీరిందనుకునే మనిషి గురించే నా బాధ.

పెద్ద లెక్క నదిదైతే నిచ్చెన ఎక్కడం దేనికి, పత్రికలు చదివితే చాలదా అంటే, చాలదనే నా సమాధానం. గంటల తరబడి చన్నీళ్ల మీద నిలబడ్డవాడికి నీటి వేడి, గాలి దిశ, ఒడ్డు వంపు చర్మానికి తెలుస్తాయి. అతను ఆ చూపును నీళ్ల నుంచి రాళ్ల మీదికి తిప్పితే చాలు. కొండ వాలుమీద పాత నీటిమట్టాలు గీతలు గీతలుగా, సున్నపు తెల్లదనంతో కనిపిస్తూనే ఉన్నాయి. ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో ఏ పుస్తకమూ లేకుండా చదవొచ్చు. అతను కొన్న పర్మిటు డబ్బు తెగకు చేరుతుంది, అది మంచిదే, కానీ నీటిహక్కు దానితో రాదు. 2020లో డెర్బీ దగ్గర చేపలు కాలువలోకి కొట్టుకుపోకుండా పెద్ద జల్లెడ పూర్తిచేశారు, ఏరు దిగే పిల్లలకు అది మేలు. తీరాల్సిన చిక్కు మాత్రం ఏటేటా మళ్లీ వస్తుంది: సియెర్రా కొండల్లో మంచు తక్కువ పడ్డ ఏడు, చేపలు ఎక్కే వసంతంలో, రీనో కుళాయిలకూ ఫాలన్ పొలాలకూ పోను చివరి మడికి చల్లటి నీళ్లు ఎన్ని చేరాలన్నది. ఆ పంపకం జరిగే సమావేశాల్లో తెగ ప్రతినిధులు ఎప్పుడూ ఉంటున్నారు. నవంబరులో నిచ్చెనలు మోసుకొచ్చే మనుషులు కూడా అక్కడికి వెళ్లి కూర్చోవాలి.