సిఫారసు చీటీ

మేముండే అపార్టుమెంటు కొండాపూర్‌లో వున్నది. దాని వాచ్‌మన్ పాలమూరు మనిషి. యీ భవనానికి స్లాబు పోసిన కూలీలతో వచ్చి, పని ముగిశాక కాపలాకు నిలిచిపోయాడు. భార్యా, యిద్దరు పిల్లలూ, తనూ సెల్లార్‌లో కార్ల వెనక ఒక గదిలో వుంటారు. మొన్నొక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "సారూ, మా పెద్ద పోరన్ని ఫాదర్ల బడిల ఎయ్యాలనుకుంటున్న. మీరు గసొంటి బడిలనే సదివిండ్రంట గద. జెర ఓ చిట్టీ రాసియ్యుండ్రి" అన్నాడు.

ఆలోచించి చెబుతానన్నాను. చీటీ ముక్కకు ఆలోచన ఎందుకని అతను అనుకునే వుంటాడు. నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ నాలో నేను పడ్డ తగాదా వ్యక్తిగతమైనదే అయినా, చదువు చెప్పే వృత్తిలో వుండి అభ్యుదయవాదులమని చెప్పుకునే మనందరికీ తగిలేది గనుక యిక్కడ పెడుతున్నాను.

హైదరాబాదులో గ్రామర్ స్కూలన్న పేరును యిప్పటికీ మోస్తున్న అబిడ్స్ సెంట్ జార్జి బడి ప్రొటెస్టెంటులది. కాథలిక్కులు మగపిల్లలకోసం పెట్టినవాటిలో గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855 నాటిది. క్రికెటర్ అజరుద్దీన్ చదివింది అక్కడే. చిరాగలీ సందులోని లిటిల్ ఫ్లవర్ 1953లో వచ్చింది. దాన్ని నడిపే గేబ్రియల్ బ్రదర్లు తమ మూలపురుషుడుగా చెప్పుకునే లూయీ ద మాంట్‌ఫోర్ట్, 1716లో చనిపోవడానికి కొద్దికాలం ముందు, ఫ్రాన్సులో లా రోషెల్ పట్టణంలో పేదపిల్లలకు ధర్మబడులు పెట్టించాడు. ధర్మబడి జీతం పుచ్చుకునే బడి కావడం ఎవరి కుట్రా కాదు. పంతుళ్లకు జీతాలివ్వాలి, గోడలు నిలబడాలి. ఆ డబ్బు యివ్వగలిగిన వర్గం తన పిల్లలను పంపింది. పంపిన వర్గానికి కావలసిన చదువును బడి చెప్పింది. పూర్వం ఆ చదువుతో గుమాస్తాలూ, ఆఫీసర్లూ అయ్యేవారు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక అదే ఇంగ్లీషుకు ధర వేరయింది. యిక్కడ ఉద్యోగమిచ్చేవాడు నువ్వే బడిలో చదివావని అడగనక్కరలేదు. రెండు వాక్యాలు వింటే అతనికి తెలిసిపోతుంది. మా వాచ్‌మన్‌కు కూడా తెలుసు. పదేళ్లుగా గేటు దగ్గర నిలబడి ఆ వాక్యాలు వింటున్నాడు.

నా సంగతి చెప్పాలి. మా నాన్న సుల్తాన్ బజారు దగ్గర ఒక ప్రెస్సులో కంపోజిటరు. మేము క్రైస్తవులం కాము. ప్రూఫులకోసం ప్రెస్సుకు వచ్చే ఒక ఫాదరు రాసిచ్చిన చీటీతో నాకు అలాంటి ఒక బడిలో (పేరు అనవసరం) సగం జీతానికి సీటు దొరికింది. అక్కడ నేర్చిన జామెట్రీ, ఇంగ్లీషూ యీనాటికీ నాకు అన్నం పెడుతున్నవి. తెలుగు మాట్లాడితే మాటకు అయిదు పైసలు జరిమానా వుండేది. దాన్ని తలుచుకుంటే యిప్పుడు నవ్వొస్తుంది. నవ్వు రానిది ఒకటున్నది. ప్రతి టరము మొదట్లో, జీతం తగ్గించిన పిల్లల పేర్లు ప్రార్థన వేళ పైకి చదివేవారు. మేము వరసలోనుంచి ముందుకు వచ్చి దాతలకు కృతజ్ఞతలు చెప్పేవాళ్లం. అందరికీ ఒకే యూనిఫారం తొడిగిన బడి, ఆ రెండు నిమిషాలలో కొన్నవాణ్నీ అడుక్కున్నవాణ్నీ విడదీసి చూపేది. పేర్లు చదివిన బ్రదరు చెడ్డవాడు కాడు. నాకు టైఫాయిడ్ వస్తే రెండుసార్లు యింటికి వచ్చి చూసి వెళ్లిన మనిషి. అయినా దయకు పుచ్చుకునేవాడి ముఖం కావాలి. మునిసిపాలిటీ కుళాయికింద బిందె పెట్టినవాడు ఎవరికీ దండం పెట్టడు.

చదువును అలాంటి కుళాయి చేయాలన్న మాట కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషను ఏ యింటి పిల్లలైనా పొరుగు బడికే పోయే ఉమ్మడి పాఠశాలా విధానాన్ని సిఫారసు చేసింది. అదీ సిఫారసే, ఫాదరు చీటీకున్న విలువ దానికి రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం అంతదూరం పోలేదుగాని, ప్రైవేటు బడులు మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకు ఉచితంగా యివ్వాలన్నది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదన్నది. 2025 సెప్టెంబరులో అదే కోర్టులో యిద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు సరైనదేనా అని సందేహించి, పెద్ద ధర్మాసనం చూడాలన్నారు.

మైనారిటీల హక్కును నేను తేలిగ్గా తీసెయ్యడం లేదు. సంఖ్యాబలమే న్యాయంగా చలామణీ అవుతున్న కాలంలో అది అవసరమైన రక్షణ. అయితే యిక్కడి ఆ మైనారిటీ ఎవరు? తెలుగు కాథలిక్కులలో అధికులు దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా వాళ్లకు షెడ్యూల్డు కులాల హోదా కూడా లేదు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, ఆ పదవికెక్కిన తొలి దళితుడని పత్రికలన్నీ రాశాయి. సంతోషించవలసిన విషయమే. కాని ఎవరి పేరున ఆ హక్కు వచ్చిందో ఆ మాల మాదిగ కుటుంబాల పిల్లలు యీ ఇంగ్లీషు బడుల బెంచీల మీద ఎందరు కూర్చున్నారన్నది సంఘం తన్ను తాను అడుగుకోవలసిన ప్రశ్న. హక్కు సమూహానిదీ, సీటు డబ్బు గలవాడిదీ అయినప్పుడు, మిగిలిన పేదవాడికి చీటీయే గతి.

కాబట్టి చీటీ రాయకూడదన్నది నా మొదటి నిర్ణయం. రాస్తే, సీటు హక్కు కాదనీ దయ అనీ నేను సంతకం పెట్టి ఒప్పుకున్నట్టే. పైగా ఆ సీటు మరో వాచ్‌మన్ కొడుకుది కావచ్చు. వాడి నేరమల్లా ఫాదర్లను ఎరిగినవాడెవడూ వాళ్ల సెల్లార్‌పైన కాపురముండకపోవడమే.

తర్కం బాగానే వున్నది. రెండో రోజు రాత్రి దానిలోని బొక్క కనిపించింది. యీ సూత్రం పాటిస్తే నాకేమి ఖర్చు? ఏమీ లేదు. నా ఇంగ్లీషు నాదగ్గరే వుంటుంది, నా పింఛను నాకొస్తుంది. మూల్యం చెల్లించేది ఆరేళ్ల పిల్లవాడు. ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషి తెప్పలు మంచివి కావు, వంతెన కట్టాలి అని ఒడ్డునుంచి ఉపన్యసించడం యిది. వంతెన కట్టవలసిందే. కాని అది తయారయ్యేదాకా నీళ్లలో ఎవరుండాలో నిర్ణయించే అధికారం నాకెవరిచ్చారు? నా యిద్దరు పిల్లలనూ నేను ప్రభుత్వ బడికి పంపలేదు. మనలో ఎందరు పంపారు? ఉమ్మడి పాఠశాల కావాలని తీర్మానాలు చేసిన సభలనుంచి మనం స్కూలు బస్సు వేళకు త్వరగా లేచి యింటికి వెళ్లినవాళ్లమే.

మూడో రోజు రాశాను. "దయతో" అన్న మాట రెండుసార్లు పడింది, రెండుసార్లూ కొట్టేశాను. చివరికి పిల్లవాడి వయసు, తండ్రి పని, యింటికీ బడికీ వున్న దూరం మాత్రం మిగిలినవి. చదివితే రైల్వే రిజర్వేషను ఫారంలా వున్నది. అతను దాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లలేదు.

"పక్క బిల్డింగుల మా తమ్ముడు గూడ వాచ్‌మనే సారూ. ఆనికీ ఓ పోరడున్నడు. యింకో చిట్టీ రాస్తరా?"