ప్రక్కగా పోయిన గాలివాన

గండము మన గుమ్మముదాక వచ్చి ప్రక్కింటికి పోయినప్పుడు మనకు కలుగు సంతోషము ధర్మమా, అధర్మమా?

సంతోషింపక యేడ్చెదమా యని యెవరైన నడుగవచ్చును. కాని సముద్రతీరమున కాపురముండువారికిది యేటేట నెదురగు ప్రశ్న. ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడినదని తెలిసినంతనే కాకినాడవారు దానిని విశాఖపట్టణము వంకకును, విశాఖపట్టణమువారు గంజాము వంకకును మనసులోనే త్రోయుచుందురు. అది మరియొకచోట తీరము దాటినదని వినగానే "అమ్మయ్య" యందురు. ఆ యొక్క మాటలో నేమేమి యిమిడియున్నవో విప్పి చూడవలెనని నా యుద్దేశము. మన తీరపు టుదాహరణమునే తీసికొన్నచో స్వపక్షాభిమాన మడ్డువచ్చును గనుక మొదట దూరదేశపు దానిని తీసికొందును.

2019 సంవత్సరము ఆగస్టు నెలాఖరున డోరియన్ అను హరికేను అట్లాంటికు సముద్రమున బలిసి పడమరకు వచ్చుచుండెను. మన సైక్లోనును, వారి హరికేనును ఒక జాతి గాలివానలే. సముద్రమునుబట్టి పేరు మారును. (సైక్లోను అను పేరు పెట్టినవాడు కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను. ఆయన తన గ్రంథమున మన కోరంగిని ముంచిన 1789 నాటి యుప్పెనను గూడ వర్ణించెను.) డోరియన్ ఫ్లోరిడామీద పడునని తొలుత నంచనా వేసిరి. అచ్చటివారు కిటికీలకు బల్లలు కొట్టిరి, నీళ్లును దినుసులును కొని పెట్టుకొనిరి, కొందరు ఊళ్లు విడిచిరి. సెప్టెంబరు 1వ తేదీన నది బహామా ద్వీపములలోని అబాకోమీద గంటకు 185 మైళ్ల వేగముగల గాలితో విరుచుకుపడెను. పిదప గ్రాండ్ బహామా ద్వీపముమీదికి పోయి, అచ్చట సుమారొక దినము కదలక నిలిచెను. ఫ్లోరిడా తీరమచ్చటికి నూరు మైళ్ల దూరము. ఆపై నది యుత్తరమునకు తిరిగి, ఫ్లోరిడాను ప్రక్కగా దాటిపోయెను. బహామాలో లెక్కకు వచ్చిన మృతులు 74గురు. ఆచూకీ తెలియనివారు రెండువందలకు పైబడిరి.

అది యట్లేల తిరిగెను? వాతావరణ శాస్త్రజ్ఞుల సమాధానము సులభమైనది. ఉత్తరమున వాయుభారము హెచ్చుగానున్న ప్రదేశమొకటి దానిని పడమరకు త్రోయుచుండెను. ఆ త్రోపుడు సడలగా గాలివాన నిలిచిపోయెను. పడమటినుండి వచ్చిన యల్పభారము దానికుత్తరమున దారి చూపెను. ఇందు ఒకరిపై దయ లేదు, మరియొకరిపై కోపము లేదు.

అయినను తప్పించుకొన్నవాడు "దేవుడు మమ్ము కాపాడినాడు" అనును. ఈ మాటను మనమంత విచారింపక సహింతుము. 1934లో బీహారు భూకంపము అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యని గాంధీమహాత్ముడు వ్రాయగా, రవీంద్రుడు దానిని బహిరంగముగా ఖండించెను. చదువుకొన్న మనలో పలువురము ఈ విషయమున రవీంద్రుని పక్షమువారమే. కాని శిక్షావాదమును త్రోసిపుచ్చినవారు రక్షావాదమును నిలుపుకొనుట యెట్లు పొసగును? ఫ్లోరిడానుండి గాలివానను మరల్చినది దైవహస్తమైనచో, దానిని దినమంతయు గ్రాండ్ బహామామీద నిలిపి యుంచినదియు ఆ హస్తమే కావలెను. అబాకోలోని మార్ష్ హార్బరున హెయిటీనుండి పొట్టకూటికై వచ్చినవారి కొయ్యగుడిసెల పేటలుండెను. అవి యొక్కనాటిలో నేలమట్టమాయెను. ఆ గుడిసెలవారేమి చేసిరని దైవమునకు వారిపై నలుక? రెండు వాదములు నొక నాణెమునకు బొమ్మయు బొరుసును వంటివి. ఒకదానిని పారవైచి రెండవదానిని మూట కట్టుకొనుటకు వీలులేదు.

ఇక సంతోషము మాట. ఒడ్డున నిలిచి నడిసముద్రమున నొరులు పడు పాట్లు చూచుట యింపుగా నుండునని రోముదేశపు కవి లుక్రీషియసు చెప్పెను. పరుల దుఃఖమువలన గాక, తనకా బాధ లేదని తెలియుటవలననే యా యింపు కలుగునని యాతడే సమర్థించుకొనెను. సమర్థనము తెలివైనదే గాని నాకు తృప్తి కలిగింపలేదు. మన పతంజలి సుఖులయందు మైత్రిని, దుఃఖితులయందు కరుణను, పుణ్యులయందు ముదితను, అపుణ్యులయందు ఉపేక్షను చెప్పెను. తప్పించుకొన్న తనకొరకై అయిదవ భావన నొకదానిని చెప్పలేదు. ఆ స్థానమున కరుణయే పనిచేయవలెనని యాయన తలంపేమో!

నేను "అమ్మయ్య"ను రెండుగా విడదీయుదును. మూడు దినములు బిగబట్టిన యూపిరి విడుచుట దేహధర్మము. బిడ్డను గుండెలకు హత్తుకొని తల్లి నిట్టూర్చినచో దానిలో దోషము వెదకువాడు మూర్ఖుడు. "ఇటు రాకుము, అటు పొమ్ము" అని మొక్కుకొనుట వేరు. గాలివాన నడిసముద్రమున నణగిపోవలెనని కోరుట యందరి మేలును కోరుట. తిరిగిపోవలెనని కోరుట యెవరో యొకరి యింటిమీదికి దానిని పంపుట. ఆ రెంటిని వేరుపరచుటకు నాకొక యుపాయము తోచినది. ఆ మాట అబాకోలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట పలుకగలమా? నిట్టూర్పును ఆమె క్షమించును. మ్రొక్కుబడిని వినిపించుటకు మనకు నోరాడదు.

మరియు, ప్రక్కగా పోయినదన్న మాటయే చాలవరకు మాయమాట. వాతావరణ శాఖవారి పటములో గాలివాన దారిని సూచించుచు శంకువువలె విప్పారు గీత యొకటి యుండును. అది గాలివాన కేంద్రమెచ్చటికి పోగలదో తెలుపునే కాని కీడెంతదూరము వ్యాపించునో తెలుపదు. కేంద్రమైనను మూడింట రెండు పాళ్లు మాత్రమే ఆ గీతలో నిలుచును. జనము మాత్రము గీత తమ యూరిని దాటిపోయినదా లేదా యని మాత్రమే చూతురు. కేంద్రము వందలమైళ్ల దూరమున నుండగనే తీరమున కెరటములు లేచును. స్నానమునకు దిగినవారిని లోనికి లాగుకొనిపోవు ప్రవాహములు పుట్టును. డోరియన్ ఇంకను సముద్రముమీదనే యుండగా, సెప్టెంబరు 5న దాని వెలుపలి మేఘపంక్తులనుండి పుట్టిన సుడిగాలి ఉత్తర కరోలినాలోని ఎమరాల్డ్ ఐల్ అను నూర బండియిండ్లను బొమ్మలవలె పడద్రోసెను. మరునాడు హాటెరాసు అగ్రమును గాలివాన దాటినప్పుడు ఓక్రకోక్ ద్వీపవాసులకు జరిగినది మరియు విచిత్రము. వారికొక ప్రక్క మహాసముద్రము, వెనుక ప్రక్క పామ్లికో అను విశాలమైన లోతులేని జలాశయము. మొదట గాలి ఆ జలమును దూరముగా లోపలి తీరమునకు త్రోసికొనిపోయెను. కేంద్రము దాటగానే గాలి దిక్కు మారెను. పోయిన నీరంతయు చూచుచుండగనే వెనుకనుండి వచ్చి కొన్నిచోట్ల ఏడడుగులదాక నిలిచెను. గండము గడచినదని తలచు వేళ సముద్రమువంకనుండి గాక పెరటివంకనుండి ఉప్పెన వచ్చెను!

మన దేశమున గాలివాన తప్పిపోయినపుడు వినబడు విసుగును గూర్చి యొక మాట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటెను. మన శ్రీకాకుళము జిల్లాలో గూడ తీరగ్రామములవారిని ముందుగనే తరలించిరి. ఇట్టివేళల "ఊరక కదలించిరి, వంట చెడినది, కోళ్లు పోయినవి" యని సణుగువారిని నేనెరుగుదును. గొడుగు పట్టుకొనిపోయి వాన రాలేదని గొడుగును తిట్టువాని కోపమువంటిది వారి కోపము. సరిగా సంవత్సరము తిరుగగా, 2014లో అదే అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్టణముమీదికే వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పదివేలమంది వరకు పొట్టపెట్టుకొన్నది. ఆ పేరు విన్నవాడెవడును ఒకనాటి వంట చెడినదని సణుగరాదు.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు, అది బలమైనదే. లోకమున నిత్యము నేదో యొక మూల కీడు జరుగుచునే యుండును. అన్నిటికిని మనము బాధ్యులమైనచో బ్రతుకుటెట్లు? నిజమే. కాని ప్రక్కగా పోయిన గాలివాన విషయము వేరు. మూడు దినములు మనము వారి స్థానమున నుంటిమి. వారికి కావలసిన బియ్యము, నీరు, దీపములు, మందులు మన యింటనే పేర్చబడియున్నవి. మనకొరకై సిద్ధపడిన చేతులు పనిలేక యున్నవి. ఆ సామగ్రి యెవరిదో తేల్చుటకు పెద్ద శాస్త్రమక్కరలేదు. ఫ్లోరిడాలో పలువురిట్లే తలచిరి. తమకై కొనిన వస్తువులను పడవలమీదను, చిన్న విమానములమీదను బహామాకు చేరవేసిరి.

ఆ దినములలోనే జరిగిన మరియొక సంగతియు చెప్పవలసియున్నది. సెప్టెంబరు 8న గ్రాండ్ బహామాలోని ఫ్రీపోర్టు రేవున నొక నావ ఫ్లోరిడాకు బయలుదేర సిద్ధముగా నుండెను. పాస్‌పోర్టును, పోలీసువారి పత్రమును చాలునని విని, ఇల్లు పోయినవారెందరో దానినెక్కిరి. అంతలో వీసా లేనివారు దిగిపోవలెనని నావలో ప్రకటించిరి. తప్పు నావవారిదా, అధికారులదా యని పిదప నొకరిమీద నొకరు చెప్పుకొనిరి. నూరుమందికి పైగా, బిడ్డలను చంకనెత్తుకొని, దిగి రేవున నిలిచిరి. నావ మిగిలినవారితో ఫ్లోరిడాకు సాగిపోయెను.