నిన్నటి బల్బే నేటి బల్బా?

రాత్రి కరెంటు పోయి వస్తే, స్మార్ట్ పరికరాలున్న ఇంట్లో తెల్లారేసరికి ఓ చిన్న గందరగోళం సిద్ధంగా ఉంటుంది. వీధి గుమ్మం కెమెరా పనిచేస్తూనే ఉంటుంది, రికార్డర్ తెర మాత్రం నల్లగా ఉంటుంది. ప్రింటర్ మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది, లాప్‌టాప్ మాత్రం దాన్ని ఆఫ్‌లైన్ అంటుంది. నిజానికి ఏదీ చెడిపోలేదు. కొన్ని రూటర్లు కరెంటు పోగానే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చాయో మరచిపోతాయి. లేచాక ముందు అడిగినవాళ్లకు ముందు పంచేస్తాయి. నిన్న 192.168.1.23లో ఉన్న కెమెరా ఇవాళ 192.168.1.31కి మారింది, పాత నంబరు పిల్లల ట్యాబ్లెట్‌కు దక్కింది. రికార్డర్ ఆ ట్యాబ్లెట్‌నే పట్టుకుని వీడియో ఇమ్మని అడుగుతోంది.

తెలిసినవాళ్లకు దీని విరుగుడు రెండు నిమిషాల పని. రూటర్ సెట్టింగుల్లో ‘అడ్రస్ రిజర్వేషన్’ అనే పట్టిక ఉంటుంది. ఒక గడిలో పరికరం మ్యాక్ అడ్రస్, పక్క గడిలో దానికి ఎప్పుడూ ఇవ్వాల్సిన ఐపీ అడ్రస్ రాస్తే సరి. అయితే ఆ ఒక్క వరుస నింపాలన్నా ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. నిన్నటి కెమెరా, ఇవాళ్టి కెమెరా ఒకటేనని చెప్పేది ఏది? బౌద్ధులు, న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు తరతరాలుగా వాదించుకున్నది అచ్చంగా దీని మీదే. వాళ్ల ఉదాహరణల్లో దీపాలు, కుండలు, వెంట్రుకలు ఉండేవి. కెమెరా లేదంతే.

అడ్రసులు పంచడానికి 1985లో వచ్చిన బూట్‌పీ పద్ధతిలో ఏ యంత్రానికి ఏ అడ్రసో నిర్వాహకుడే ముందుగా రాసిపెట్టేవాడు. అంటే స్థిరమైన అడ్రసే పాతది, మారే అడ్రస్ తర్వాత వచ్చింది. 1993లో వెలువడి 1997లో ఇప్పటి రూపం తీసుకున్న డీహెచ్‌సీపీ పద్ధతి అడ్రసుకు గడువు పెట్టింది. ఇంట్లోకి కొత్తగా వచ్చిన స్మార్ట్ బల్బుకు తన అడ్రస్ తెలియదు కాబట్టి 0.0.0.0 అని చెప్పుకుంటుంది. ఎవరిని అడగాలో తెలియదు కాబట్టి 255.255.255.255 అంటూ అందరికీ వినబడేలా కేకేస్తుంది. రూటర్ ఓ అడ్రస్ చూపిస్తుంది, బల్బు అదే కావాలంటుంది, రూటర్ ఖాయం చేస్తుంది. గడువు సగం గడిచేసరికి బల్బు మళ్లీ అడగాలి. జవాబు లేకపోతే, ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, ఇచ్చినవాణ్నే కాక వినేవాళ్లందరినీ అడగాలి. గడువు తీరితే ఆ అడ్రస్ వదిలెయ్యాలి. నెలల తరబడి కదలనట్టు కనిపించే అడ్రస్ వెనక ఇంత అడుక్కోవడం నడుస్తూనే ఉంటుంది.

ఏదీ క్షణానికి మించి నిలవదనే బౌద్ధ క్షణికవాదికి ఇది కొత్తేమీ కాదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు ఇండో-గ్రీక్ రాజు మినాండర్‌కూ నాగసేన భిక్షువుకూ నడుమ సంభాషణగా సాగే ‘మిలింద పన్హ’లో రాత్రంతా వెలిగే దీపం ప్రస్తావన ఉంది. మొదటి జాములో వెలిగిన జ్వాల, చివరి జాములో వెలిగిన జ్వాల ఒకటేనా? ఒకటీ కాదు, వేరూ కాదు అంటాడు నాగసేనుడు. ఒకదాని వెంట ఒకటి పుడుతూ పోయే వరుస అది. ఆ వరుసకు బౌద్ధులు పెట్టిన పేరు సంతానం. మనం దాన్నే ఒక వస్తువు అనుకుంటాం.

దీనిమీద నైయాయికులకు ఉన్న గట్టి ఆయుధం ప్రత్యభిజ్ఞ. ‘ఆ మనిషే ఈ మనిషి’ అని గుర్తుపడుతున్నాం కదా, మనిషి ఒకడే కాకపోతే ఆ గుర్తింపు ఎక్కడిది? బౌద్ధుల జవాబు కొంచెం కొంటెగా ఉంటుంది. కత్తిరించిన వెంట్రుకలు మళ్లీ పెరిగితే ‘అవే వెంట్రుకలు’ అనడం లేదా? గుర్తుపట్టినంత మాత్రాన అది అదే అని రుజువైపోదు. ట్యాబ్లెట్‌ను వీడియో అడుగుతున్న రికార్డర్ బౌద్ధుల పక్షాన సాక్ష్యం చెబుతోంది. 23 నంబరును అది నమ్మకంగానే గుర్తుపట్టింది, పొరపడింది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో శంకరులు, తర్వాత ‘ఆత్మతత్త్వవివేకం’లో నైయాయికుడు ఉదయనుడు ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. వస్తువు సంగతి పక్కన పెట్టండి, గుర్తుపట్టేవాడి మాటేమిటి? నిన్న చూసినవాడు, ఇవాళ తలచుకునేవాడు ఒక్కడే కాకపోతే రెంటినీ కలిపేది ఎవరు? ఇంటి నెట్‌వర్క్‌లో ఆ పని రూటర్‌ది. కెమెరా చాలాసార్లు తన పాత నంబరు గుర్తుపెట్టుకోదు, కొత్తదానిలాగే వచ్చి అడుగుతుంది. పట్టిక చూసి ‘నువ్వా, నీ నంబరు ఇదిగో’ అనేది రూటర్. పైగా ఇంటి లోపల అది ఎవరినీ అడ్రస్ అడగదు. 192.168.1.1గా కదలకుండా కూర్చుని మిగతావాళ్లకు పంచుతుంది. ఉదయనుడు చూస్తే సంతోషించేవాడే.

ఆ సంతోషం రూటర్ వెనక్కి తిప్పి చూసేదాకానే. లోపల దాతగా ఉన్న ఆ పెట్టె, బయట ఇంటర్నెట్ కంపెనీ వైపు చాలాచోట్ల తానే గడువున్న అడ్రస్ కోసం చెయ్యి చాస్తుంది. 192.168.1.1 అనే ఆ పెద్దరికం కూడా గోడల మధ్య చెల్లేదే. 1994లో ప్రైవేటు వాడకానికి విడిచిపెట్టిన అడ్రసుల్లో అదొకటి. అదే నంబరుతో లెక్కలేనన్ని ఇళ్లలో లెక్కలేనన్ని రూటర్లు ఉన్నాయి. సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ఏ వస్తువుకూ దాని సొంతానికంటూ స్వభావం లేదని, ఉన్నదంతా మరొకదానిపై ఆధారపడి ఉన్నదేనని వాదించాడు. ఆయన మాట సూటిగా తగిలేది కెమెరాకు కాదు, రూటర్‌కే.

మరి ఎవరి పక్షం నెగ్గినట్టు? తార్కికులు తేల్చలేకపోయిన ఈ చిక్కును ఆలయ విధులు చెప్పే ఆగమాలు ఎంత తాపీగా పరిష్కరించుకున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. తిరుమలలో గర్భాలయంలోని మూలమూర్తి, అంటే ధ్రువబేరం, కదలదు. బ్రహ్మోత్సవాల్లో వాహనమెక్కి మాడవీధుల్లో తిరిగేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి. భక్తుడికి ఇద్దరు దేవుళ్లు లేరు. యాదగిరిగుట్టలో 2016 నుంచి, 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరిచేదాకా, దర్శనాలు తాత్కాలిక ఆలయమైన బాలాలయంలోనే జరిగాయి. చిరునామా మారింది, స్వామి మారలేదు. ఆ కొనసాగింపు తనంతట తాను జరిగింది కాదు. శాస్త్రోక్తంగా ఆవాహన చేసి, ప్రతిష్ఠించి, ‘ఇకపై ఇక్కడికి రండి’ అని చెప్పాల్సి వచ్చింది. స్థిరత్వాన్ని రాయిలో వెతకకుండా, వచ్చేవాళ్ల కోసం ఏర్పాటు చేశారు.

రిజర్వేషన్ పట్టికకూ ఇదే లెక్క వర్తిస్తుంది. స్థిరమైన అడ్రస్ కావాల్సింది ఎవరికి? ఇతరులు వెతుక్కుంటూ వచ్చేవాటికి. ప్రింటర్, కెమెరా, లైట్లను నడిపే హబ్, ఫొటోలు దాచుకునే డిస్క్, ఇంట్లో హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లుంటే ఆ చిన్న కంప్యూటర్, ఇవి ధ్రువబేరాలు. ఫోను ఎప్పుడూ తానే వెళ్లి ఇతరులను పలకరించేది కాబట్టి దానికి రోజుకో అడ్రస్ వచ్చినా నష్టం లేదు. కంపెనీ సర్వర్‌తోనే మాట్లాడుకునే క్లౌడు బల్బుకూ అక్కర్లేదు. ఇంట్లోని ప్రతి ప్లగ్గుకూ వరుసగా నంబర్లు కేటాయించి మురిసిపోయేవాళ్లున్నారు. అది అవసరం కన్నా ముచ్చట. అడ్రస్ అన్నది వెతికేవాడి కోసం పుట్టిందన్న సంగతి అక్కడ మరుగున పడిపోతుంది. 1981 నాటి ఇంటర్నెట్ ప్రోటోకాల్ పత్రమే దీన్ని విడమరిచి చెప్పింది. ఏది కావాలో చెప్పేది పేరు, అది ఎక్కడుందో చెప్పేది అడ్రస్, ఎలా చేరాలో చెప్పేది దారి. ఆచరణలో మాత్రం ‘ఎక్కడ’ అనేదాన్నే ‘ఎవరు’గా వాడుకోవడం అలవాటైంది. రికార్డర్ అవస్థకు మూలం అదే.

ఇక పట్టికలోని మొదటి గడి. మ్యాక్ అడ్రస్ అంటే 48 బిట్ల సంఖ్య. సాధారణంగా అందులో మొదటి సగం తయారీదారుకు ప్రమాణాల సంస్థ ఐఈఈఈ కేటాయించినది, మిగతాది ఆ తయారీదారు వేసినది. పరికరానికి పుట్టుమచ్చలాంటిది ఇదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత వైఫై ఉన్న చాలాచోట్ల ఆ మచ్చను బట్టి ఫోన్ల జాడ తీయడం మొదలైంది. దాంతో 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ చూపించడం అలవాటు చేశాయి. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఇ ల్లో ఒకటైతే అది ఫ్యాక్టరీలో వేసినది కాదని అర్థం. ఏ ఫోనుకైనా రిజర్వేషన్ చేయాలంటే ముందు ఇంటి వైఫై వరకు దాని వేషం తీయించాలి. స్వభావం అనుకున్నది సెట్టింగ్ అయిపోయింది.

స్మార్ట్ పరికరాల కోసం 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ ప్రమాణం ఈ గొడవను ఇంకో అంతస్తుకు ఎక్కించింది. అందులో ప్లగ్గును గుర్తించేది ఐపీ కాదు, మ్యాక్ కాదు. ఇంట్లో చేర్చుకునేటప్పుడు ఇచ్చే ఒక డిజిటల్ సర్టిఫికెట్. అడ్రస్ ఎన్నిసార్లు మారినా పేరుతో వెతికి పట్టుకుంటారు. అదే ప్లగ్గు ఒకేసారి యాపిల్ వ్యవస్థలోనూ గూగుల్ వ్యవస్థలోనూ సభ్యురాలిగా ఉంటే, ఒక్కోచోట దానికి ఒక్కో గుర్తింపు. రీసెట్ చేస్తే ఆ రెండూ పోతాయి. ఏ కంపెనీ, ఏ మోడల్ అని చెప్పే ఫ్యాక్టరీ సర్టిఫికెట్ మాత్రం మిగులుతుంది. జాతి నిలుస్తుంది, వ్యక్తి పోతుందని నైయాయికుడు తన పరిభాషలో చెప్పుకోవచ్చు.

పాత కెమెరాలు, ప్రింటర్లు మూలపడేదాకా పట్టిక అవసరం ఎలాగూ ఉంటుంది. రూటర్ మార్చినప్పుడు దాన్ని మళ్లీ మొదటినుంచీ రాసుకోవాలి. అనుభవమున్నవాళ్లు ఆ రోజు ఇంకో పని కూడా చేస్తారు. కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెడతారు. సాధారణంగా ఇంట్లో బల్బులన్నీ ఏమీ జరగనట్టు వచ్చి కలుస్తాయి. పెట్టె మారింది, కంపెనీ మారింది, అవి మాత్రం ‘ఆ రూటరే ఇది’ అనుకుంటాయి. గుర్తుపట్టేవాడే మారిపోయాడు చూశారా అని బౌద్ధుడు చప్పట్లు కొడతాడు. ఉదయనుడు ఊరుకోడు. ఆ పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకుని రెండోసారి టైపు చేసిన ఇంటాయన ఎవరని అడుగుతాడు.