ఆధారమునకు ఆధారము

శ్రీకాకుళపట్టణమునకు తూర్పున, సముద్రమునకు దాపున నున్న శ్రీకూర్మక్షేత్రమునందు విష్ణుమూర్తి తాబేటిరూపమున పూజ లందుకొనుచున్నాడు. దేవదానవులు పాలకడలిని చిలుకబూనిన వేళ, కవ్వముగా నిలిపిన మందరపర్వతము క్రింద ఆనుటకేమియు లేక మునిగిపోవుచుండగా, స్వామి కూర్మమై వీపు నొడ్డి దానిని నిలిపెనని పురాణకథ. కథలోని అద్భుతమునకు అలవాటుపడిన మనము అందలి శంకను గమనింపము. లోకమున స్థిరత్వమునకు మారుపేరైన పర్వతమే వేరొకదాని నాశ్రయింపవలసివచ్చినచో, ఆ వేరొకటి దేనిని ఆశ్రయించి యున్నది? తాబేలు దేనిమీద నిలిచినదని పిల్లవాడు అడిగినచో పెద్దలు కసరుకొందురు గాని, ఆ ప్రశ్న మన తార్కికులను తరతరములుగా నిదురపోనీయనిది.

దానిని పురాణమునందే కాక నేలయందును అడుగవచ్చును. పాలకొండ, పార్వతీపురము, సాలూరు వైపుల వరుసగా లేచి, విజయనగర శ్రీకాకుళ మైదానములలోనికి విడివిడి గుట్టలుగా దిగివచ్చిన తూర్పుకనుమల శిలలను భూవిజ్ఞానులు పునాదిశిలలుగా ఎంచుదురు. తీరమందలి ఒండ్రు, ఇసుకతిన్నెలు, ఎఱ్ఱమట్టి యన్నియు వీనిపై తరువాత వచ్చి చేరినవే. వీనిలో మనవైపు మిక్కిలిగా కన్పట్టు రాతికి ఖోండలైటని పేరు. 1902లో వాకర్ అను పండితుడు కలహండి సంస్థానపు శిలలను వర్ణించుచు, ఆ కొండలలో నివసించు ఖోండుల పేరు, అనగా మన కోదుల పేరు, దీనికి పెట్టెను. దీనికి తోడుండు చార్నకైటు కథ వేరు: కలకత్తాలో జాబ్ చార్నక్ గోరీపై పరచిన పలక మదరాసు ప్రాంతపు రాయియని గుర్తించి, హాలండ్ అను మరియొక పండితుడు ఆ వర్తకుని పేరే రాతికి నిచ్చెను. బ్రదికియున్న కొండజనుల పేర ఒకటి, గతించిన దొర సమాధి పేర ఒకటి వెలసినవి. నాకు మొదటిదియే ఇంపు.

దారి వేయుటకై కొండ ప్రక్కను తొలిచినచోట ఈ రాతిని దగ్గరగా చూడవలెను. తుప్పురంగు చారలు, ఆ చారల నడుమ పొదిగినట్లున్న ఎఱ్ఱని గార్నెట్టు గింజలు, తెల్లని సన్నని సిల్లిమనైటు సూదులు, అక్కడక్కడ గ్రాఫైటు రేకులు. రేకును రాచినచో వ్రేలికి నల్లని నిగారింపు అంటుకొనును. అల్యూమినియము అధికముగా నుండుటను బట్టి ఇది యొకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బంకమన్నని నిర్ణయించిరి. గ్రాఫైటులో కొంతయైనను ఆనాటి సూక్ష్మజీవుల శరీరములనుండి వచ్చిన కర్బనమని పలువురి అభిప్రాయము. ఆ బురద, దాదాపు 100 కోట్ల సంవత్సరముల క్రిందట, మన తూర్పుతీరమును నేటి అంటార్కిటికా భూభాగమును ఒకదానితో నొకటి ఒరసికొన్న కాలమున, 25, 30 కిలోమీటర్ల లోతునకు క్రుంగి, కొన్నిచోట్ల 900 డిగ్రీల సెంటిగ్రేడును మించిన వేడిలో పక్వమైనది. ఈ రెండు భూభాగములును విడిపోయి సుమారు 13 కోట్ల సంవత్సరము లైనను, అచ్చటి మంచు నడుమ తలలెత్తిన గుట్టలలో మన శిలల జ్ఞాతు లిప్పటికిని కన్పట్టుచున్నారు.

పక్వమైనది అను మాటతో న్యాయవైశేషికుల వివాద మొకటి తలపునకు వచ్చుచున్నది. కుమ్మరి ఆవములో పచ్చికుండ కాలి ఎఱ్ఱనగునపుడు, కుండ పరమాణువులుగా విడిపోయి, ఆ పరమాణువులు రంగు మారి, మరల కూడి క్రొత్త కుండ యగునని వైశేషికుల పీలుపాకవాదము. కుండ కుండగానే యుండి కాలునని, రంధ్రమునుండి చూచువానికి అది ఎడతెగక కనబడుచునే యున్నదని, పైనుంచిన పాత్ర పడిపోవుట లేదని నైయాయికుల పిఠరపాకవాదము. ఖోండలైటును వీరి మధ్య నుంచినచో తగవు తీరదు గాని, ఇరువురకును కొంత భాగము దక్కును. బంకమన్నులోని నీరు వెడలిపోయినది. కరగుటకు వీలైన అంశము కరగి ప్రక్కకు జరిగి వేరు శిలయైనది. మిగిలినది ఘనరూపమున నుండగనే దానిలోని పరమాణువులు చోటు మారి, బంకమన్నులో లేని గార్నెట్టుగా, సిల్లిమనైటుగా కూడినవి. అట్లయినచో ఇది ఆ బురదయేనా? అవుననుట కష్టము, కాదనుట అంతకంటె కష్టము. మనము పుట్టుటకు ముందే పుట్టి మన తరువాతను ఉండు రాతిని చూచి, మార్పులేని వస్తువునకు దానిని నిదర్శనముగా చూపుట మనకు పరిపాటి. మన ప్రాంతమున ఇంతటి మార్పునకు లోనైన వస్తువు మరియొకటి లేదన్నచో అతిశయోక్తి కాదు.

పునాది మాట కింకను సమాధానము రాలేదు. బురద పేరుకొనుటకు క్రింద నొక నేల యుండవలెను. బురదయగుటకు ఎచ్చటనో ఒక కొండ అరగవలెను. ఖోండలైటులోని జిర్కాను రేణువులను కోసి పరిశీలించినవారికి, పాకకాలమున ఏర్పడిన పైపొర లోపల, దానికంటె ఎంతో ప్రాచీనమైన గింజ కానవచ్చుచున్నది. అది ఆ అరిగిపోయిన కొండ విడిచిన గుర్తు. ఇప్పుడు ఆ పని మన కన్నులయెదుటనే సాగుచున్నది. వానకు ఎండకు మెత్తబడిన ఖోండలైటు తెల్లని సుద్దమన్నుగా, బాక్సైటుగా మారుచున్నది. నాగావళి, వంశధార దానిని కడలికి మోయుచున్నవి. శ్రీకూర్మము, కళింగపట్టణము, భావనపాడు తీరముల ఇసుకలో గార్నెట్టు, సిల్లిమనైటు రేణువులు ఇల్మనైటుతో కలిసి దొరకుచున్నవి. నేటి పునాది రేపటి పైపొరకు పదార్థ మగుచున్నది. తార్కికులు దీనిని అనవస్థ అందురు. ఒకదానికి ఆధారముగా వేరొకటి, దానికి మరియొకటి యని ఎచ్చటను నిలువని దోషము. అయినను బీజాంకురముల విషయమున వారే, ప్రమాణసిద్ధమైన అనవస్థ దోషము కాదని విడిచిపెట్టిరి. కొండలకును ఆ మినహాయింపు చెల్లవలెనని నా తలంపు.

మన అర్చకులు ఈ చిక్కును ఎఱుగనివారు కారు. పీఠపూజలో ముందు ఆధారశక్తిని, తరువాత మూలప్రకృతిని, ఆదికూర్మమును, అనంతుని, అటుపిమ్మట పృథివిని పూజించుట సంప్రదాయము. నేల ఆ వరుసలో మొదటిది కాదు, మొదటిది వస్తువే కాదు, శక్తి. శిల శాశ్వతమనియు ఆగమములు చెప్పలేదు. విగ్రహము జీర్ణమైనచో దానియందలి కళను కలశమునందు ఆవాహనచేసి, జీర్ణోద్ధారణ జరిపి మరల ప్రతిష్ఠించు విధిని వివరముగా నేర్పినవి. ఖోండలైటుతో కట్టిన కోణార్కమును సముద్రపుగాలి ఎట్లు తినివేసినదో చూచినవారికి ఆ విధి ఎందులకో విడమరచి చెప్పనక్కరలేదు. టెక్కలి ప్రాంతపు క్వారీలలో తీసిన నీలిరాయి దేశదేశములకు పోయి నున్నగా మెరుగుపెట్టిన సమాధిపలకలగుట వేరు సంగతి. అక్కడ శాశ్వతత్వమును కొన్నవారికి ఈ విధి అందుబాటులో లేదు.

ఇక వేదాంతి యున్నాడు. ఈ పరంపర ఎచ్చటనో మార్పులేని యొకదానియందు ఆగవలెనని అతని పట్టు. ఆ పట్టును భూవిజ్ఞానము సడలింపలేదు, బిగింపనులేదు. ఏలయన అతడు దానిని దృశ్యములయందు వెదకుమని ఎన్నడును చెప్పలేదు, కొండయు దృశ్యములలోనిదే. అచలమైనదానికి సాక్ష్యముగా కొండను చూపి ఉపన్యసించు వక్తలు మాత్రము వేరు సాక్షిని వెదకికొనవలసియున్నది.