మూపురం వెనక్కి జరిగిన ఎద్దు

పెడనలో కలంకారీ అచ్చులు కొట్టే షెడ్ల వెనక, కరక్కాయ నీళ్ల వాసన వదలని ఒక వీధిలో, రెండిళ్లకి కలిపి ఒకటే పిట్టగోడ ఉండేది. ఒకింట్లో జాకెట్లు కుట్టే పెద్దావిడ. ఆవిడ కత్తెర పెడితే గీత దాటదని పేరు. రెండో ఇంట్లో చేతికుట్టు కుట్టే చిన్నావిడ. ఆమె కుట్టిన చీరంచుని తిరగేసి చూసినా ఏది ముందో ఏది వెనకో తెలిసేది కాదు. చుట్టరికం లేకపోయినా చిన్నావిడ పెద్దావిడని వదినా అనేది, పెద్దావిడ ఆమెని అమ్మాయ్ అనేది.

ఒకళ్లనొకళ్లు దెప్పుకోకుండా వాళ్లకి పొద్దు గడిచేది కాదు. "నీ చారులో ఉప్పు నా కూరక్కూడా సరిపోయేది వదినా." "నీ పిల్లాడి చొక్కాకి గుండీలు నేను కుట్టాలా, మీ ఆయన కుడతాడా?" సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ అరుగు మీద కూచుని మల్లెలు కట్టేవారు.

షెడ్లలో మిగిలిపోయిన అచ్చుగుడ్డ ముక్కల్ని కిలోల లెక్కన అమ్మేస్తుంటే పెద్దావిడ ఒక మూట తెచ్చుకుంది. వాటితో ఒంగోలు ఎద్దు బొమ్మ చేద్దామన్నది చిన్నావిడ. కోత పెద్దావిడది. కుట్టు, దూది కూరడం, కళ్లూ ముక్కూ తీర్చడం చిన్నావిడది.

జాకెట్టు లోపల మనిషి ఉంటుంది కాబట్టి గుడ్డ కాస్త అటూ ఇటూ అయినా మనిషే సర్దుకుంటుంది. ఎద్దు లోపల ఉండేది దూది. అది ఎటు తోస్తే గుడ్డ అటు సాగుతుంది. పక్కలకి రెండు ముక్కలు, పొట్ట కింద నాలుగు కాళ్ల లోపలి భాగంతో కలిపి ఒక పొడుగాటి ముక్క, నుదుటికి ఒకటి, గంగడోలుకీ మూపురానికీ విడివిడిగా. అన్నీ తిరగవేసి కుట్టాలి. మెడ దగ్గరా కాళ్ల సందుల్లోనూ గాట్లు పెట్టకపోతే తిప్పాక ముడతలు పడతాయి. పొట్ట కింద వదిలిన సందులోంచి మొత్తం బయటికి లాగి, ముందు కాళ్లు, తర్వాత తల, చివరికి నడుం, పుల్లతో చిన్నచిన్న ఉండలుగా కూరాలి. పడుగు నిలువునా వచ్చేట్టు కొయ్యకపోతే, దూది పడగానే ఎద్దు ఓ పక్కకి ఒరుగుతుంది.

మొదటి ఎద్దు మీద వాళ్లు పోట్లాడినంతగా ఎవరూ ఏ ఎద్దు మీదా పోట్లాడి ఉండరు. "మూపురం ముందుకాళ్ల పైన రావాలే, నువ్వెప్పుడైనా ఎద్దుని చూశావా?" "చూశాను కాబట్టే చెప్తున్నా, కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండాలి. నువ్వు కోసినవి మేకవి." కుట్టు విప్పారు, మళ్లీ వేశారు, మళ్లీ విప్పారు. ఆఖరికి నిలబడ్డ ఎద్దుని చూసి వీధిలో పిల్లలు అరుపులు. కోరా గుడ్డ మీద నల్లటి తీగలు పాకుతున్నా అది ఒంగోలు ఎద్దే అని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

బెజవాడలో ఒక కొట్టాయన దాన్ని చూసి, "అమ్మా, మీరిద్దరూ కళాకారులు" అని ముప్ఫై ఎద్దులకి బయానా ఇచ్చాడు.

చెడింది అక్కడే. డబ్బు దగ్గర మాత్రం కాదు. లెక్కలో రూపాయి తేడా రాలేదు. వాళ్లు ఒకళ్లనొకళ్లు మర్యాద చేసుకోవడం మొదలుపెట్టారు.

గుడ్డ కలిసొస్తుందనీ, పువ్వు సరిగ్గా వీపు మీదికి వస్తుందనీ పెద్దావిడ ముక్కల్ని ఏటవాలుగా కొయ్యసాగింది. కుడి పొట్ట జారుతోంది. చిన్నావిడ చూసింది. ఇంత పేరున్న మనిషికి మనం చెప్పడమేంటి అనుకుని, లోపల పాత లుంగీ గుడ్డతో చిన్న దిండు కుట్టి జారే పక్కకి ఆసరా పెట్టింది. చిన్నావిడ కళ్లని దూరం దూరంగా కుట్టడం మొదలెట్టింది. పెద్దావిడ చూసింది. పాపం ఎంతో ఇష్టంగా కుడుతోంది, మనసు కష్టపెట్టడమెందుకని, కళ్లకి తగ్గట్టు నుదుటి ముక్కనే వెడల్పు చేసింది. మెడ దగ్గర లొత్త పడితే అది కనపడకుండా చిన్నావిడ మూపురంలో దూది ఎక్కువ కూరింది. బరువుకి మూపురం మెడ మీద వాలితే పెద్దావిడ దాన్ని కాస్త వెనక్కి కోసింది. వెనక్కి వెళ్లిన మూపురం ముందు మళ్లీ లొత్త. మళ్లీ దూది. మళ్లీ వెనక్కి.

"బాగుందా అమ్మాయ్?"

"మీరు కోశాక వంక పెట్టడానికేముంది వదినా."

పండక్కి గుడివాడ వైపు బండలాగుడు పోటీలు. కొట్టాయన అక్కడ బల్ల వేసి, వీళ్లిద్దర్నీ కూచోబెట్టాడు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలి రైతు వచ్చి బొమ్మని చేతిలోకి తీసుకుని, వీపు నిమిరి, తిప్పి చూసి, వేళాకోళం లేకుండా నిజంగానే అడిగాడు:

"ఒంటెకి ముకుతాడు ఎందుకేశారమ్మా?"

తిరుగు రైల్లో గుడ్లవల్లేరు దాటేదాకా ఇద్దరూ నోరిప్పలేదు. తర్వాత పెద్దావిడ సంచిలోంచి ఒక ఎద్దుని తీసి, దారం కత్తిరించే కత్తెరతో పొట్ట కుట్టు విప్పింది. పెట్టె నిండా దూది. లోపల్నుంచి లుంగీ గుడ్డ దిండు బయటపడింది.

"ఇదేంటే?"

"నువ్వు ఏటవాలుగా కోస్తున్నావు. పొట్ట జారుతోంది. చెప్పలేక పెట్టా."

"చెప్పలేకా? చారులో ఉప్పు సంగతి వీధంతా వినపడేట్టు చెప్పావు కదే!"

"మరి నేను కుట్టిన కళ్లు దూరం దూరంగా ఉన్నాయని నువ్వు చెప్పావా? ఈ నుదురు చూడు, పెరట్లో చాప పరిచినట్టు!"

పెడన వచ్చేదాకా అరుచుకున్నారు. ఎదుటి బల్ల మీది ముసలమ్మ వాళ్లది పొలం తగాదా అనుకుని, "రైల్లో ఎందుకమ్మా, పెద్దమనుషుల్లో పెట్టుకోండి" అని సర్దిచెప్పింది.

ఆ తర్వాత వచ్చిన ఎద్దులకి మూపురం ముందుకాళ్ల పైనే ఉంది.

నీతి: కలిసి పనిచేసేవాళ్ల మధ్య మొహమాటం చేరితే, ఒకరి తప్పుని ఇంకొకరు కప్పిన కొద్దీ ఇద్దరి పనీ చెడుతుంది.

నీతికథల్లో మామూలుగా చెడగొట్టేది ఆశ, లేదంటే అసూయ. ఇక్కడ ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ పనిమంతులే. పైగా ఎదుటివాళ్ల పరువు కాపాడాలని ఇద్దరూ రెట్టింపు చాకిరీ చేశారు. కథలో నన్ను ఇబ్బంది పెట్టేది అదే. బద్ధకంతో చేసిన తప్పు ఒక చోట ఆగుతుంది. దయతో కప్పిన తప్పు పక్క ముక్కని కూడా తన కొలతకి మార్చేస్తుంది. మొహమాటం మీద మనవాళ్లకో మొరటు సామెత ఉంది. పత్రికలో రాయడానికి మొహమాటంగా ఉంది కాబట్టి వదిలేస్తున్నాను.

అలాగని రైల్లో దూది ఎగరేసుకోవడం మంచి పద్ధతని కాదు. దర్జీ పనిలో మాట అనడానికి ఒక వేళ ఉంది. సుద్దగీత దశలో అంటే అరచేత్తో తుడిస్తే పోతుంది. కత్తెర పడ్డాక అంటే గుడ్డ దండగ. కుట్టి, తిప్పి, కూరాక అంటే ఇద్దరి వారం పనీ దండగ. మనం సాధారణంగా మూడో దశ కూడా దాటాక, అదీ మూడో మనిషి దగ్గర, నోరు విప్పుతాం.

వేళకి మాట అన్నవాళ్లూ ఉన్నారు. జర్మనీలో గీంగెన్ అనే ఊళ్లో మార్గరెటె స్టైఫ్ అనే ఆవిడ ఉండేది. ఏడాదిన్నర వయసులో పోలియో సోకి రెండు కాళ్లూ పడిపోయాయి, కుడిచెయ్యి కూడా సరిగ్గా ఆడేది కాదు. చక్రాల కుర్చీలో కూచునే కుట్టుపని నేర్చి, 1880లో ఫెల్టు గుడ్డతో చిన్న ఏనుగుని కుట్టింది. సూదులు గుచ్చుకోవడానికి చేసిన ఆ ఏనుగుతో పిల్లలు ఆడుకోవడం మొదలెట్టారు. అట్నుంచి అది బొమ్మల కంపెనీ అయింది. ఆమె మేనల్లుడు రిచర్డ్ బొమ్మలు గీయడం నేర్చుకున్నవాడు. స్టుట్‌గార్ట్ జంతుశాలలో ఎలుగుబంట్లని చూస్తూ గీసేవాడు. 1902లో అతను కాళ్లూ చేతులూ కదిలే ఎలుగుబంటిని మొహెయిర్ బొచ్చుగుడ్డతో చేయించాడు.

మేనత్తకి దాని మీద అనుమానమే. ఆ అనుమానాన్ని కడుపులో పెట్టుకోలేదు, అలాగని కుర్రాడి చేతిలో పని లాక్కోనూ లేదు. ఎలుగుబంటి 1903లో లైప్జిగ్ సంతకి వెళ్లింది. అక్కడా మొదట ఎవరూ పట్టించుకోలేదు. సంత ముగిసే వేళకి ఒక అమెరికా వ్యాపారి 3,000 కావాలన్నాడు.

మన ఇళ్లలో ఇలా అనుమానాన్ని బయటికి అనడమే కష్టం. పెద్దావిడ "బాగుందా?" అంటే చిన్నావిడ దగ్గర ఒక్క జవాబే ఉంటుంది. అందుకే ముందు నోరు విప్పాల్సింది పెద్దవాళ్లే అని నా అభిప్రాయం. ప్రశ్నే వేరుగా అడగాలి. ఎక్కడ విప్పమంటావ్, ఏ ముక్క మళ్లీ కొయ్యమంటావ్ అని. పేరూ, వయసూ, కత్తెరా అన్నీ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు రెండో మనిషి నోరు దానంతటది తెరుచుకోదు.

మళ్లీ గీంగెన్ సంగతికొస్తే, అమెరికాకి అమ్ముడుపోయాక కూడా రిచర్డ్ ఎలుగుబంటిని వదల్లేదు. అది బరువుగా, గట్టిగా, పిల్లల చేతికి పెద్దదిగా ఉంది. తర్వాతి రెండు మూడేళ్లలో ఎత్తు తగ్గింది, కూరినది మెత్తబడింది, కీళ్లు బిగించే పద్ధతి మారింది. 1907లో ఆ కంపెనీ ఒక్క ఏడాదిలో దాదాపు పది లక్షల ఎలుగుబంట్లు కుట్టింది.